పెరటి మందలో సాధుకోళ్లు

తెలుగువారి కథలలో కోడి వచ్చినదనిన పోట్లాట వచ్చినదన్న మాటయే. పలనాటి వీరగాథలో నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయునికిని నడుమ జరిగిన కోడిపందెము రెండు రాజ్యముల తలవ్రాతను మార్చినది. పుంజుల రంగులను బట్టి డేగ, కాకి, నెమలి, సేతు, కౌజు అని పేరుపేరున పిలుచుచు, ఏ రంగు పుంజు ఏ దినమున గెలుచునో చెప్పుటకు కుక్కుటశాస్త్రమను పేర మనవారు ఒక శాస్త్రమునే కల్పించుకొనిరి. మనకు పొరుగున తిరుత్తణి కొండపై వెలసిన సుబ్రహ్మణ్యస్వామి ధ్వజముపై నున్నదియు కోడిపుంజే. పోరాడు కోడికి మనలో ఇంత గౌరవము కలదు. పోరాడనేరని కోడిని గూర్చి మాత్రము మన పెద్దలు అంతగా చెప్పలేదు.

కొంతకాలముగ మా ప్రాంతపు పిల్లలు మోజుపడి తెప్పించుకొనుచున్నవి ఈ రెండవ తరగతి కోళ్లే. పట్టువంటి మెత్తని ఈకలుగల సిల్కీ, తలపై పెద్ద చేమంతి విచ్చినట్లు జుట్టుగల పోలిష్, కాళ్లకు సైతము ఈకలు కప్పుకొన్న కొచ్చిన్, బ్రహ్మ, చేతిలో ఇమిడిపోవు చిన్న బాంటమ్. వీనిని అలంకారపు కోళ్లనియు, ఫాన్సీ కోళ్లనియు అందురు. పల్లావరము శుక్రవారపు సంత వంటి చోట్లనుండియో, తెలిసినవారి యిండ్లనుండియో ఒకటి రెండు పక్షులను తెచ్చి, మణవాళనగర్‌లోను తిరువళ్లూరు చుట్టుప్రక్కల ఊళ్లలోను పెరటిలోని నాటుకోళ్లతో కలిపి విడుచుట పరిపాటి యైనది. రెండు మూడు దినములు గడచునప్పటికి తల చీలి నెత్తురోడుచున్న పక్షిని ఒడిలో నుంచుకొని పిల్లవాడు ఏడ్చుచుండును. తల్లి నాటుకోళ్లను తిట్టును. తండ్రి అమ్మినవానిని తిట్టును. నాటుకోడి తన స్వభావము కొలది నడచుకొన్నది. అమ్మినవాడు అడిగిన పక్షినే యిచ్చినాడు. లోపించినది ఏర్పాటు.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఆ ఏర్పాటును గూర్చియే. సాధుప్రాణి జాలివలన బ్రదుకదు. దానికొరకు ముందుగ సిద్ధపరచిన చోటువలన బ్రదుకును.

జాతుల పరిచయము

పెంపుడు కోళ్లకు మూలము ఎఱ్ఱ అడవికోడి యని ఛార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. నేటి పరిశోధనలును చాలవరకు దానినే బలపరచుచున్నవి. అయితే కాళ్లకును చర్మమునకును పసుపురంగు నిచ్చు లక్షణము మన దక్షిణదేశపు అడవులలోని బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదని 2008లో తేలినది. కావున సీమనుండి వచ్చిన పసుపుకాళ్ల కోడియందును మన కొండల చుట్టరికము కొంత కలదు.

సిల్కీ చైనాదేశపుది. పదమూడవ శతాబ్దమున ఆ దేశమునకు వెళ్లిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో తన యాత్రాకథనమున, పిల్లికి వలె బొచ్చుగల నల్లని కోళ్లు అచ్చట నున్నవని చెప్పెను. సామాన్యమైన ఈకలోని సన్నని పోగులు చిన్న కొక్కెములతో ఒకదానినొకటి పట్టుకొనియుండును. సిల్కీ ఈకలో ఆ కొక్కెములు సరిగా ఏర్పడవు. అందుచేతనే ఆ మెత్తదనము. అందుచేతనే అది ఎగురజాలదు, వాననీటిని విదల్చుకొనజాలదు. నాటుకోడికి కాలికి నాలుగు వ్రేళ్లు, సిల్కీకి సాధారణముగ అయిదు. దీని చర్మము, ఎముకలు నల్లనివి. మధ్యప్రదేశపు కడక్‌నాథ్ కోడియు లోపల నల్లనిదే. కాని కడక్‌నాథ్ బెదురు స్వభావము గలది, సిల్కీ ఒడిలో కూర్చుండునది. నల్లకోడి యనగానే రెండును ఒకటియని తలచి కొనరాదు.

కొచ్చిన్ అను పేరు విని ఇది కేరళపు కొచ్చినుండి వచ్చినదని కొందరు భ్రమపడుదురు. ఈ జాతి 1840 దశకమున చైనాలోని షాంఘై ప్రాంతమునుండి ఇంగ్లండునకు పోయినది. బ్రహ్మ జాతి పేరు బ్రహ్మపుత్రా నది పేరునుండి వచ్చినదే యైనను, ఆ జాతి రూపుదిద్దుకొన్నది అమెరికాలో. ఈ రెండును భారీ శరీరము, శాంతస్వభావము గలవి. పోలిష్ అను జుట్టుకోడి యూరపులో పెంపొందినది. బాంటమ్ అను మాట జావాద్వీపపు రేవుపట్టణమైన బాంటెన్ పేరునుండి పుట్టినది. చిన్న పరిమాణపు కోళ్లన్నింటికిని నేడది సామాన్యనామ మైనది.

మన దేశమునను అందమునకై కోళ్లను పెంచువారు లేకపోలేదు. దిండిగల్ ప్రాంతమున చిలుకముక్కు, పొడవైన తోకగల అసీల్ కోళ్లను పందెమునకు గాక అందమునకే పెంచి ప్రదర్శనలలో నిలుపుచున్నారు. అయినను అసీల్ రక్తము అసీల్ రక్తమే. దాని పుంజును సాధుకోళ్ల నడుమ విడుచుట తగదు.

మందలోని వరుస

ఏ మందలోనైనను ఒక వరుస కలదు. మొదటి కోడి రెండవదానిని పొడుచును. రెండవది మూడవదానిని పొడుచును. చివరిది అందరిచేత పొడిపించుకొనును. ఈ వరుసను మొదట శాస్త్రీయముగ వివరించినవాడు నార్వేదేశపు థార్లీఫ్ షెల్డెరుప్ ఎబ్బె. చిన్ననాటినుండియు కోళ్లను గమనించుచు, ఏది దేనిని పొడిచినదో వ్రాసికొనుచు పెరిగిన ఇతడు 1921లో తన పరిశీలనలను ప్రకటించెను. పెరటికోళ్లను చూచుచు కూర్చున్న పిల్లవాడు శాస్త్రజ్ఞుడైన కథ మన విద్యార్థులకు వినదగినది.

ఈ వరుస క్రూరముగ తోచినను దీనివలన మేలు కలదు. ఎవరి స్థానము వారికి తెలిసినంతవరకు మందలో శాంతి యుండును. పెద్దకోడి ఒక చూపు చూచినంతనే చిన్నకోడి తొలగిపోవును. పొడువవలసిన పనియే యుండదు. వరుస చెదరినప్పుడే రక్తము చిందును. క్రొత్త కోడి రాక, పుంజు మార్పు, చోటు చాలకపోవుట, మేత చాలకపోవుట వరుసను చెదరగొట్టును.

కావున క్రొత్తగ తెచ్చిన సిల్కీని మంద నడుమ విడుచుట, కొలువుతీరిన సభలోనికి పేరు చెప్పకయే ఒకరిని త్రోయుట వంటిది. ప్రతి కోడియు దానిని పరీక్షించును. నాటుకోడి యైనచో తిరుగబడియో, చెట్టెక్కియో తప్పించుకొనును. సాధుకోడికి ఆ రెండు మార్గములును లేవు.

సాధుకోడి బాధలు

వీని బాధలకు శరీరమునందే కారణములు గలవు. తల్లిదండ్రులు ముందుగ తెలిసికొనవలసినవి నాలుగు.

మొదటిది చూపు. పోలిష్ జుట్టు కండ్లపై వ్రాలును; సిల్కీ జుట్టును కొంత అట్లే. ప్రక్కనుండి వచ్చు కోడి గాని, పైనుండి వచ్చు గ్రద్ద గాని దానికి కనబడదు. హఠాత్తుగ బెదరి అది పరుగెత్తును; పరుగెత్తుదానిని తరుముట కోళ్ల స్వభావము. కండ్ల చుట్టునున్న ఈకలను మొద్దు మొనగల కత్తెరతో కొద్దిగ కత్తిరించినచో సగము బాధ తీరును. క్రొత్తగ మొలచుచు నెత్తురుతో నిండియున్న ఈకలను మాత్రము కత్తిరింపరాదు.

రెండవది తలయెముక. జుట్టుకోళ్ల నడినెత్తి గోపురమువలె ఉబ్బియుండి, కొన్నింటియందు ఆ యెముక పూర్తిగ మూసికొనదు. డార్విన్ తన గ్రంథమున ఈ విషయమును వర్ణించియున్నాడు. కొన్ని సిల్కీలయందును ఇట్లే యుండును. నాటుకోడికి లెక్కలోనికి రాని ఒక్క ముక్కుపోటు వీనికి ప్రాణాంతకము కావచ్చును. "కొంచెము పొడుచుకొనుచున్నవి, వానికవే సర్దుకొనును" అని ఊరకుండుట జుట్టుకోళ్ల విషయమున ప్రమాదకరము.

మూడవది ఈక. తడిసిన సిల్కీ చలికి వణకును. కాళ్లకు ఈకలుగల కొచ్చిన్‌కు బురద అంటుకొని గడ్డలు కట్టును, వ్రేళ్లు ఒరసికొనిపోవును.

నాలుగవది బరువు. చిన్న పెట్టపై భారీ పుంజు ఎక్కినచో వీపు చీలును, నడుము దెబ్బతినును. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనాసంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ మంచి జాతియే. కాని వనరాజ పుంజును బాంటమ్ పెట్టలతో నుంచుట ఎద్దును మేకను ఒక కాడికి కట్టుట వంటిది.

తెచ్చుటకు ముందు

సాధుకోళ్లను ఒంటరిగ తేరాదు. ఒకే జాతివి కనీసము మూడు తేవలయును. తన వంటిది ప్రక్కనున్న కోడి త్వరగా నిలద్రొక్కుకొనును. మందలో దానికొక చిన్న మంద యేర్పడును. అల్పసంఖ్యాక భాషావర్గమునకు చెందిన మనకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

తెచ్చిన వెంటనే మందలో కలుపక, వేరొక చోట మూడు నాలుగు వారములు ఉంచవలయును. మేత గిన్నె, నీటి గిన్నె వేరుగ నుండవలయును. ముందుగ పాతకోళ్లకు మేతవేసి, పిదప క్రొత్తవాని యొద్దకు పోవలయును. పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలయును. సంతనుండి వచ్చిన పక్షితోపాటు రోగము వచ్చినచో ఆ ఒక్క పక్షితో పోదు; పెరడే ఖాళీ యగును.

ఆ రోగములలో ముఖ్యమైనది రాణీఖేత్. 1927లో హిమాలయ ప్రాంతపు రాణీఖేత్‌లో దీనిని గుర్తించినందున మన దేశమున ఆ పేరు వచ్చినది. ఇంగ్లండున దీనినే న్యూకాజిల్ రోగమందురు. మన తెలుగువారు కొక్కెర తెగులందురు. మన చుట్టునున్న తమిళులు వెళ్ళైక్కళిచ్చల్ అందురు. ఆకుపచ్చ తెలుపు కలిసిన విరేచనములు, నోరు తెరచి ఊపిరి పీల్చుట, మెడ మెలిపడుట, కాళ్లు రెక్కలు చచ్చుబడుట దీని లక్షణములు. సోకిన పిదప మందు లేదు, టీకాయే శరణ్యము. పిల్ల పుట్టిన 5 మొదలు 7 దినములలోపల కంటిలోనో ముక్కులోనో వేయు చుక్కమందు, సుమారు 8 వారముల వయసున ముక్తేశ్వర్ రకపు సూదిమందు వాడుక. పూర్తి వరుసను పశువైద్యుని అడిగి తెలిసికొనవలయును. జబ్బుగ నున్న పక్షికి టీకా వేయింపరాదు.

సిల్కీ, సెబ్రైట్ జాతులు మారెక్ అను మరియొక రోగమునకు త్వరగా లోబడును. కాళ్లు ఒకటి ముందునకు ఒకటి వెనుకకు చాచి పడియుండుట దాని గుర్తు. దీని టీకా పిల్ల పుట్టిన మొదటి దినముననే వేయవలసినది గనుక, కొనునప్పుడే వేయించిరా యని అడుగవలయును.

పక్షిజ్వరమును గూర్చియు ఒక మాట. 2024 ఫిబ్రవరిలో మనకు ఉత్తరమున నెల్లూరు జిల్లాలో ఈ రోగము కనబడినది. మన జిల్లా అంచుననున్న పులికాట్ సరస్సునకు ఏటేట వలసపక్షులు వచ్చును. కావున బయటి నీటిపక్షులు త్రాగు చెరువునకు పెరటికోళ్లను విడువరాదు; కోళ్లు ఒక్కసారిగ పెక్కు చచ్చినచో, పారవేయక, కోసికొనక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలయును.

మందలో కలుపు విధము

వేరుగ నుంచిన కాలము ముగిసిన పిదప, మొదటి వారము పది దినములు నడుమ తీగవల అడ్డుపెట్టి పాతకోళ్లకు క్రొత్తకోళ్లు కనబడునట్లు ఉంచవలయును. చూచుకొనవచ్చును గాని పొడుచుకొనజాలవు. వలకు ఇరువైపుల ఒకే వేళకు మేతవేసినచో ఒకదాని ప్రక్క ఒకటి తినుట అలవాటగును.

తరువాత సాయంకాలము గూటికి చేరుటకు ఒక గంట ముందు వల తీయవలయును. పోట్లాటకు కాలము కొంచెము. తిని నిద్రకు పోవలయునను తొందర ఎక్కువ. ఆ వేళ ఒక పెద్ద తప్పక దగ్గర నుండవలయును. ఒకటి రెండు పోట్లు, కొంత తరుముట సహజము. ఒకే కోడిని పదే పదే మూలకు నెట్టుచున్నను, తలపై పొడుచుచున్నను, నెత్తురు కనబడినను వెంటనే విడదీయవలయును. ఎఱుపు కనబడిన చోటనే కోళ్లు మరల మరల పొడుచును. గాయపడినదానిని వేరుచేసి, ఉప్పునీట కడిగి, వేపనూనెలో కలిపిన పసుపు పట్టించి, మానువరకు మందలో విడువరాదు.

ఒక్క కోడియే దుడుకుగ నుండినచో సాధుకోడిని తీసివేయుటకంటె ఆ దుడుకుదానిని తీసివేయుట మేలు. దానిని నాలుగైదు దినములు వేరుచోట నుంచి మరల తెచ్చినచో, అదియే క్రొత్తకోడి యగును. మందలోని స్థానమును మరల వెదకికొనవలసివచ్చును. ఈ ఉపాయము పెక్కుసార్లు ఫలించును.

చోటు, గూడు, మేత

పోట్లాటకు ముఖ్యకారణము ఇరుకు. గూటిలో ఒక్కొక్క కోడికి 4 చదరపు అడుగులు, వెలుపల తిరుగుటకు 10 చదరపు అడుగులు తక్కువ కారాదు. మణవాళనగర్ వంటి చోట్ల ఇండ్లు దగ్గరదగ్గరగ నున్నవి. 100 చదరపు అడుగుల పెరడుగల వారికి పది కోళ్లే మితి. మితి దాటినచో ఎంత మంచి జాతియైనను చెడును.

పెరడు బయలుగ నుండరాదు. దాగుటకు చోటు కావలయును. నిలువుగ నానించిన ఒక పలక, బోర్లించిన గంప, అరటిగుబురు, కరివేపచెట్టు ఏదైనను చాలును. తరుముచున్న కోడికి కంటికి కనబడకపోయినచో చాలు, అది మరచిపోవును. అయితే ఏ చాటునకైనను రెండు దారులుండవలయును. ఒక్క దారి యున్నచో అది చాటు కాదు, బోను.

మేత ఒక్కచోట వేయరాదు. అయిదారు కోళ్లకు ఒక గిన్నె చొప్పున, ఒకదానినుండి మరియొకటి కనబడనట్లు దూరముగ నుంచవలయును. పెద్దకోడి ఒక్క గిన్నెనే కాపలా కాయగలదు. సాధుకోళ్లకు మరియొక వసతి కూడ చేయవచ్చును. చిన్నకోడి దూరగలిగి పెద్దకోడి దూరజాలని సందులుగల తడక కట్టి, దాని లోపల ఒక గిన్నె యుంచినచో బాంటములు నిశ్చింతగ తినును. నూకలు, తవుడు, సజ్జలు, రాగులు, ఆకుకూరలు మంచివే. గ్రుడ్లుపెట్టు పెట్టలకు మాత్రము తగిన మాంసకృత్తులుగల దాణాయు, పెంకు గట్టిపడుటకు నత్తగుల్లల పొడియు తప్పక కావలయును. మాంసకృత్తులు చాలని మంద ఒకదాని ఈకలొకటి పీకికొని తినును.

రాత్రి కూర్చుండు కర్రలు ఒకే ఎత్తున నుండరాదు. నాటుకోళ్లు పైకర్ర నెక్కును. సిల్కీ ఎగురజాలదు గనుక దానికి ఒక అడుగు ఎత్తున వెడల్పు కర్రయో, ఎండుగడ్డి పరచిన మూలయో కావలయును. భారీ కొచ్చిన్ ఎత్తునుండి దూకినచో అరికాలు చీలి పుండగును. గూటి నేల చితచితలాడరాదు. పగుళ్లలో కోడిపేలు, గోమార్లు దాగును గనుక గోడలకు అప్పుడప్పుడు సున్నము కొట్టవలయును. ఒక మూల బూడిద, పొడిమన్ను కలిపి వేసినచో కోళ్లు అందులో పొరలి తమ శుభ్రతను తామే చూచుకొనును.

మన జిల్లా వాతావరణమును మరువరాదు. మే నెల కత్తిరి యెండలలో బ్రహ్మ, కొచ్చిన్ వంటి దట్టపు ఈకల కోళ్లు నోరు తెరచి రొప్పును. దట్టమైన నీడయు, రోజునకు రెండు మూడు మార్లు మార్చిన చల్లని కుండనీరును లేనిది వీనిని పెంచ పూనుకొనరాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు. 2015 డిసెంబరులోను, 2023 డిసెంబరులోను మన జిల్లా చూచిన వానలు పాఠకులకు జ్ఞాపకముండును. గూటి నేలను రెండడుగులు ఎత్తు చేసికొని, వానవేళ సాధుకోళ్లను లోపలనే యుంచుట వివేకము. తడిసినదానిని గుడ్డతో ఒత్తి, వెచ్చని చోట ఆరబెట్టవలయును.

పుంజులు, పొదుగుట

ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. గ్రుడ్లు మాత్రమే కావలసినవారికి పుంజే అక్కరలేదు. పుంజు లేకున్నను పెట్ట గ్రుడ్లు పెట్టును, అవి పొదుగుటకు మాత్రము పనికిరావు. ఇరుగుపొరుగు ఇండ్లు దగ్గరగ నున్నచోట తెల్లవారుజామున కూయు పుంజును గూర్చి ముందుగ ఆలోచించుట మర్యాద. పుంజులను పురికొల్పి పోరాడించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరమని పిల్లలకు చెప్పవలయును.

సాధుకోడి మందకు భారమని తలచువారికి మా సమాధానము పొదుగు గంపలో కలదు. సిల్కీ పెట్ట ఏడాదికి పెట్టు గ్రుడ్లు తక్కువే, అవియు చిన్నవి. కాని పొదుగుటలో దానికి సాటి లేదు. తన గ్రుడ్డు కాకున్నను, తన జాతి కాకున్నను, క్రింద నుంచిన దానిని 21 దినములు కదలక పొదుగును. పొదుగు గుణము తగ్గిన జాతుల గ్రుడ్లను దీని క్రింద నుంచుట పెంపకందార్లకు అన్ని దేశములలోను అలవాటు. 28 దినములు పట్టు బాతుగ్రుడ్లను సైతము పొదిగి, ఆ పిల్లలు నీటిలో దిగగా గట్టున నిలిచి కంగారుపడు తల్లి ఇదియే. సిల్కీ చిన్నది గనుక నాటుకోడి గ్రుడ్లు అయిదారుకంటె ఎక్కువ పెట్టరాదు. పొదుగువేళ దానిని వేరు గదిలో నుంచి, రోజున కొకసారి లేపి మేత, నీరు చూపవలయును. లేనిచో తిండి మాని చిక్కిపోవును.

డబ్బు విషయము

వింతకోళ్లను చూచి వ్యాపారపు ఆశలు పుట్టుట సహజము. ఈ ఆశ క్రొత్తది కాదు. కొచ్చిన్ కోళ్లు ఇంగ్లండు చేరి, విక్టోరియా రాణి వానిని పెంచుట మొదలుపెట్టగా, ఇంగ్లండునను అమెరికాలోను జనులు వెఱ్ఱెత్తి కొనిరి. దానిని కోళ్లజ్వరమనిరి. కొన్ని యేండ్లలోనే ధరలు కూలినవి. ఆ వ్యాపారములో నున్న జార్జి బర్న్‌హామ్ 1855లో ఆ పిచ్చిని పరిహసించుచు ఒక గ్రంథము వ్రాసెను. మన రాష్ట్రమున 2012లో ఈరోడు జిల్లా పెరుందురై ప్రాంతపు ఈము పక్షుల పథకములు కూలి, పెక్కు కుటుంబములు దాచుకొన్న సొమ్ము పోగొట్టుకొన్నవి. పక్షిని తినువారు గాని, గ్రుడ్డును కొనువారు గాని లేక, పెంచువారు పెంచువారికే అమ్ముకొను వ్యాపారము ఎంతోకాలము నిలువదు. మూడు సిల్కీలను ముచ్చటకు పెంచుడు. ముప్పదింటిని అప్పుచేసి కొనకుడు. మెలకువలు నేర్వదలచినవారికి తిరూరులోని కృషి విజ్ఞాన కేంద్రమును, 1989లో ఏర్పడి మాధవరమున కేంద్రకార్యాలయముగల పశువైద్య విశ్వవిద్యాలయమును సమీపముననే కలవు.

ఇంటిలో నేర్పవలసినది

కోళ్లను పెంచు ఇంటిలో పిల్లలు నేర్చుకొను మాటలు ఎన్నియో గలవు. పెట్ట, పుంజు, పిల్ల, గంప, మేత, పొదుగు, జుట్టు, ఈక, తవుడు, నూకలు. ఇవి పాఠ్యపుస్తకమునందు ఒకసారి చదివి మరచు మాటలు. పెరటిలో రోజూ పలికినచో మరువని మాటలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమున చేరిననాటినుండి ఇచ్చటి తెలుగు పిల్లలు రెండు భాషల నడుమ పెరుగుచున్నారు. ఇది నష్టముగ తలపనక్కరలేదు. కొక్కెర తెగులనియు వెళ్ళైక్కళిచ్చల్ అనియు రెండు పేర్లును తెలిసిన పిల్లవాడు, అవ్వ చెప్పిన లక్షణమును తెలుగులో విని, పశువైద్యునికి తమిళమున సరిగా చెప్పగలడు. ఒక పేరే తెలిసినచో ఆ నడుమ ఒక పూట పోవును. కోళ్ల రోగములో ఒక పూట చిన్న విషయము కాదు.

సాధుకోళ్ల పెంపకమున పిల్లలకు అబ్బు గుణము వేరొకటి కలదు. బలవంతులను తిట్టుట సులభము. బలహీనులను ముద్దుచేయుట ఇంకను సులభము. ఆ రెంటితో పని జరుగదు. గిన్నె ఎక్కడ పెట్టవలయును, తడక ఎట్లు కట్టవలయును, ఎవరిని ఎవరిప్రక్క కూర్చుండబెట్టవలయును అని కూర్చుండి ఆలోచించుట కష్టము. ఆ కష్టమును పదేండ్ల వయసున పెరటిలో నేర్చినవాడు పెద్దవాడై తరగతిలోను, కార్యాలయమునను, ఊరిలోను అదే పని చేయగలడు.

అభ్యాసము

తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుండి ఈ క్రింది పనులు చేయింపవలెనని కోరుచున్నాము.

1. మీ మందలోని కోళ్లకు పేర్లు పెట్టి, ఒక వారము ప్రొద్దున మేతవేళ ఏది దేనిని పొడిచినదో పట్టిక వ్రాయుము. మందలోని వరుసను కనుగొనుము.

2. మేత గిన్నెను ఒకటినుండి మూడుగ పెంచి, మరియొక వారము అట్లే వ్రాయుము. పోట్ల సంఖ్య మారినదా? ఏ కోడికి ఎక్కువ మేలు జరిగినది?

3. పెరటి కొలత తీసి, మీ యింట ఎన్ని కోళ్లకు చోటున్నదో లెక్కకట్టుము.

4. కోళ్లకు సంబంధించిన ఇరువది మాటలను తెలుగునను తమిళమునను ప్రక్కప్రక్కన వ్రాసి, తెలియనివానిని ఇంటి పెద్దలను అడుగుము.

5. కోడిని ముట్టిన పిదప, గ్రుడ్లు తీసిన పిదప చేతులు ఏల కడుగుకొనవలయునో తెలిసికొని, చిన్నవారికి నేర్పుము.